లెక్కల్లో హుషారైన పిల్లలు: పై క్లాసుకు పంపాలా, ఉన్న క్లాసులోనే లోతుగా నేర్పాలా?

హైదరాబాద్: టోలిచౌకిలో ఒక ఇంటిని ఊహించుకుందాం. మూడో తరగతి చదివే ఎనిమిదేళ్ల అమ్మాయి. ఏడో తరగతి చదివే అన్న పుస్తకం లాక్కుని, ఎక్స్ విలువ కనుక్కునే లెక్కలు కూర్చుని చేసేస్తోంది. స్కూల్లో మాత్రం ఇంకా రెండంకెల గుణకారాల దగ్గరే ఉన్నారు. టీచర్ వారానికోసారి డైరీలో "క్లాసులో మాట్లాడుతోంది" అని రాసి పంపుతున్నారు. రియాద్‌లో ఉద్యోగం చేసే తండ్రి వీడియో కాల్‌లో "డబుల్ ప్రమోషన్ అడగండి, ఒక సంవత్సరం కలిసొస్తుంది" అంటున్నారు. దాదీ మాత్రం ఎవరికీ చెప్పొద్దు, నజర్ తగులుతుంది అంటోంది. తల్లి భయం ఇంకోటి. పిల్లకు తెలుగులో ఒత్తులు ఇంకా సరిగా రావట్లేదు. నాలుగో తరగతి వదిలేసి నేరుగా ఐదుకు పోతే ఆ తెలుగు ఎవరు నేర్పాలి?

ఇలాంటి మాటలు నగరంలో చాలా ఇళ్లల్లో నడుస్తుంటాయి. చుట్టాల్లో ఎవరో ఒకరు అబాకస్ అంటారు, ఇంకొకరు ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ ఉన్న స్కూల్‌కి మార్చేయమంటారు. అందరూ పిల్ల మంచి కోరే చెప్తారు. కానీ వాళ్లు చెప్పేవి ఒకదానికొకటి సంబంధం లేని సలహాలు. ముందు వాటిని విడదీసి చూసుకోవాలి.

ముందుకు పంపడంలో చాలా రకాలు

మన దగ్గర "ముందుకు పంపడం" అంటే వెంటనే గుర్తొచ్చేది డబుల్ ప్రమోషన్. ఒక తరగతి మొత్తాన్ని వదిలేసి పైదాంట్లో కూర్చోబెట్టడం. పాత రోజుల్లో ఇది బాగానే జరిగేది. తాతల తరంలో చాలామంది ఒకటి రెండు క్లాసులు అలా దాటినవాళ్లే.

అసలు దారులు ఇంకా చాలా ఉన్నాయి. తెలివైన పిల్లలను ముందుకు పంపడం మీద అమెరికాలో 2004లో వచ్చిన 'ఎ నేషన్ డిసీవ్డ్' అనే నివేదిక ఏకంగా 18 రకాలు చెప్పింది. అన్నీ మనకు అక్కర్లేదు, ముఖ్యమైనవి మూడు. ఒకటి, క్లాసు మొత్తం దాటడం. రెండు, ఒక్క లెక్కల పీరియడ్‌కి మాత్రం పై క్లాసులో కూర్చుని, మిగతా సబ్జెక్టులు తన వయసు పిల్లలతోనే చదవడం. మూడు, క్లాసు మారకుండానే అదే పాఠాన్ని ఇంకా లోతుగా, ఇంకా కష్టమైన లెక్కలతో నేర్చుకోవడం.

ఈ మూడింటిలో మొదటిదాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. ఐదులో కూర్చోబెట్టిన పిల్లను మూడు నెలల తర్వాత నాలుగులోకి పంపితే, స్కూల్లోనూ బంధువుల్లోనూ అది ఫెయిల్ అయినట్టే లెక్క. పిల్ల కూడా అలాగే అనుకుంటుంది. రెండోదాన్ని ఆపేయడం కొంచెం తేలిక. మూడోది ఏ రోజైనా ఆపొచ్చు, మళ్లీ మొదలుపెట్టొచ్చు. నిర్ణయం తీసుకునే కుటుంబం ముందుగా ఆలోచించాల్సింది ఇదే. పిల్ల ఎంత తెలివైనదన్న ప్రశ్న దీని తర్వాతే.

పరిశోధనలు ఏం చెప్తున్నాయి?

ముందుకు పంపితే పిల్లలు పాడైపోతారన్న భయం చాలామందిలో ఉంది. సాక్ష్యాలు మాత్రం ఆ భయాన్ని పెద్దగా బలపరచట్లేదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో జూలియన్ స్టాన్లీ అనే ప్రొఫెసర్ 1971లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. 12, 13 ఏళ్ల పిల్లలకు, కాలేజీలో చేరబోయేవాళ్లు రాసే శాట్ పరీక్ష పెట్టి, అందులో బాగా మార్కులొచ్చినవాళ్లను ఎంచుకున్నారు. తర్వాత దశాబ్దాల పాటు వాళ్ల జీవితాలను గమనించారు. సరైన పిల్లలను సరైన రీతిలో ముందుకు పంపితే చదువు దెబ్బతినలేదు, చాలామంది తర్వాత ఇంకా బాగా రాణించారు.

ఇక్కడ "సరైన పిల్లలు" అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. స్టాన్లీ ఆ పిల్లలను స్కూల్ ర్యాంకు చూసి ఎంచుకోలేదు. తమ క్లాసు పరీక్షలో 100కి 100 తెచ్చుకునే పిల్లలు చాలామంది ఉంటారు. వాళ్లలో ఎవరికి 100 దగ్గర ఆగిపోతుందో, ఎవరు 150 దాకా పోగలరో ఆ పరీక్ష చెప్పలేదు. అందుకే ఆయన వాళ్ల వయసుకు మించిన పరీక్ష పెట్టారు. చిన్న గిన్నెతో కొలిస్తే చెరువు కూడా గిన్నెడే అనిపిస్తుంది మరి.

అమెరికా స్కూళ్లలో క్లాసు దాటించే ముందు వాడే 'అయోవా యాక్సిలరేషన్ స్కేల్' అనే పద్ధతి ఒకటుంది. అందులో రెండు విషయాలు మన ఇళ్లకు బాగా పనికొస్తాయి. పిల్లకు ఇష్టం లేకపోతే, మిగతావన్నీ బాగున్నా సరే, క్లాసు దాటించొద్దు అంటుంది. పిల్ల చేరబోయే క్లాసులో సొంత అన్నో అక్కో ఉన్నా వద్దనే చెప్తుంది. కారణం వివరించి చెప్పక్కర్లేదు. మన దగ్గర ఉమ్మడి కుటుంబాలు ఎక్కువ. ఒకే ఇంట్లో చాచా కొడుకు అదే స్కూల్లో ఐదో తరగతి చదువుతుంటే, ఈ అమ్మాయిని తెచ్చి అతని పక్కన కూర్చోబెడితే ఏమవుతుంది? రోజూ రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర ఆ అబ్బాయి పోలికలు వినాల్సొస్తుంది. అయోవా వాళ్లు కజిన్ల మాట ఎత్తలేదు కానీ, హైదరాబాద్ ఇళ్లలో కజిన్ అంటే సొంత తమ్ముడితో సమానం.

వేగం వేరు, ఆలోచన వేరు

పెద్దవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పిల్లాడు టకటకా లెక్కలు చేస్తే హిసాబ్‌లో తేజ్ అంటాం. అబాకస్ పోటీల్లో ఎనిమిది నిమిషాల్లో 200 లెక్కలు చేసే పిల్లలున్నారు. అది నిజంగా గొప్ప సాధన, ఏకాగ్రత పెరుగుతుంది, చేతికీ కంటికీ సమన్వయం వస్తుంది. దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కానీ అది కూడికలు, తీసివేతలు, గుణకారాల వేగం. గణితం అక్కడితో అయిపోదు.

రెండో వైపు చూడండి. ప్రపంచంలో స్కూల్ పిల్లలకు జరిగే అతి పెద్ద లెక్కల పోటీ, అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో, రోజుకు మూడు లెక్కలే ఇస్తారు. సమయం నాలుగున్నర గంటలు. అంటే ఒక్కో లెక్కకు గంటన్నర. అక్కడ గెలిచేది ఒకే లెక్క ముందు విసుక్కోకుండా గంటసేపు కూర్చోగలిగినవాళ్లు.

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయొచ్చు. పిల్లకు ఇలా చెప్పండి: "ఐదు బేసి సంఖ్యలు తీసుకో, అవి కూడితే 30 రావాలి." కొందరు పిల్లలు రెండు మూడు సార్లు చూసి "రావట్లేదు, జవాబు చెప్పండి" అంటారు. కొందరు "ఇది మా సిలబస్‌లో లేదు" అంటారు. ఇంకొందరు పేపర్ నిండా రాసి రాసి, కాసేపటికి అనుమానంగా తలెత్తుతారు. "అమ్మీ, ఇది అసలు రాదేమో?" ఎందుకు రాదని అడిగితే, రెండు బేసి సంఖ్యలు కలిస్తే సరి సంఖ్య వస్తుంది, ఇంకో రెండు కలిసినా సరే, ఐదోది ఒంటరిగా మిగిలిపోతుంది, కాబట్టి మొత్తం ఎప్పుడూ బేసే అని తమ మాటల్లో చెప్తారు. ఈ మూడో రకం పిల్లలకు ఎక్కాలు నెమ్మదిగా వచ్చినా ఫరవాలేదు. ముందుకు పంపడం గురించి ఆలోచించాల్సింది వీళ్ల విషయంలోనే.

ఇంకో పరీక్ష బజార్లో చేయొచ్చు. అర కిలో చక్కెరలో పావు కిలో పొట్లాలు ఎన్ని కట్టొచ్చు? రెండు. ఇది ఎనిమిదేళ్ల పిల్లలందరూ చెప్తారు. అదే పిల్లకు ట్యూషన్‌లో "భిన్నంతో భాగించాలంటే తిరగేసి గుణించాలి" అని నేర్పించి ఉంటే, కాగితం మీద 1/2 ÷ 1/4 కూడా చేసి చూపిస్తుంది. ఈ రెండూ ఒకటే లెక్క అని ఆమెకు తెలుసా? తెలిస్తే భిన్నాలు వచ్చినట్టే. తెలియకపోతే, పై తరగతి లెక్కలు చేస్తున్నట్టు కనిపిస్తోంది అంతే. నగరంలో చాలామంది పిల్లలు రెండు మూడు తరగతులు ముందున్నట్టు కనిపించడానికి కారణం ఇదే. పద్ధతి ముందుకు పోయింది, అర్థం వెనకే ఉంది. ఇలాంటి పిల్లలను క్లాసు దాటిస్తే ఆరో, ఏడో తరగతిలో బీజగణితం దగ్గర ఎక్కడో దెబ్బ తగులుతుంది. అప్పుడు పిల్లకు తెలివి తగ్గిపోయిందని ఇంట్లో కంగారు పడతారు. నిజానికి ఆ ఖాళీ ఎప్పట్నుంచో ఉంది.

ఫౌండేషన్ క్లాసుల విషయంలో అభ్యంతరం కూడా ఇక్కడే. అక్కడ సెక్షన్ మొత్తాన్ని పై తరగతుల సిలబస్‌లోకి తోసేస్తారు. ఏ పిల్ల సిద్ధంగా ఉంది, ఎవరు లేరు అని ఒక్కొక్కరినీ విడిగా చూసే తీరిక ఎవరికీ ఉండదు. సిద్ధంగా ఉన్న నలుగురికి బాగానే ఉంటుంది. మిగతావాళ్లు బట్టీ పడతారు.

కనిపించని అమ్మాయిలు

క్లాసులో విసుగొస్తే అబ్బాయిలు అల్లరి చేస్తారు, దాంతో ఎవరో ఒకరి కంట్లో పడతారు. అమ్మాయిలు చాలావరకు నోట్‌బుక్ వెనక పేజీలో బొమ్మలు గీస్తూ కూర్చుంటారు. మార్కులు బాగానే ఉంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. టోలిచౌకి అమ్మాయి కబుర్లు చెప్పి డైరీకెక్కింది, ఆ మాటకొస్తే అదృష్టమే.

ఇరాన్‌కు చెందిన మరియం మీర్జాఖానీ పేరు ఇక్కడ చెప్పుకోవాలి. 2014లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ ఆమె. గణితంలో అంతకంటే పెద్ద గౌరవం దాదాపు లేదు. చిన్నప్పుడు ఆమె రచయిత్రి కావాలనుకున్నారు. మిడిల్ స్కూల్ మొదటి ఏడాది లెక్కల్లో వెనకబడ్డారు, టీచర్ కూడా ఈమెకు పెద్ద ప్రతిభ లేదనుకున్నారు, దాంతో ఆసక్తే పోయింది. మరుసటి ఏడాది వేరే టీచర్ వచ్చాక పరిస్థితి మారింది. 1994లో, 1995లో వరుసగా ఒలింపియాడ్ బంగారు పతకాలు తెచ్చారు. రెండోసారి పూర్తి మార్కులు. 2017లో, 40 ఏళ్లకే క్యాన్సర్‌తో చనిపోయారు. ఎనిమిదేళ్లప్పుడు ఆమెకు ఎవరైనా పరీక్ష పెట్టి ఉంటే, ఈ పిల్లను ముందుకు పంపండి అని రాసేవారో లేదో. ఒక వయసులో చేసిన అంచనాను శాశ్వతం అనుకోకూడదు. పిల్ల వెనకబడిందనుకున్నా అంతే, ముందుందనుకున్నా అంతే.

ఒకే పిల్లాడు, నాలుగు క్లాసులు

ఒక్క లెక్కలకు మాత్రం పై క్లాసుకు పోవడం ఎలా ఉంటుందో చూడాలంటే టెరెన్స్ టావో కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1975లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పుట్టారు. తండ్రి పిల్లల డాక్టర్, తల్లి లెక్కలూ ఫిజిక్సూ చెప్పిన టీచర్. ఎనిమిదేళ్లకే ఆయన శాట్ గణితంలో 800కు 760 తెచ్చుకున్నారు. ఇంత తెలివైన పిల్లాణ్ణి ఆ తల్లిదండ్రులు ఒకేసారి యూనివర్సిటీకి పంపలేదు. ఒక్కో సబ్జెక్టు ఒక్కో క్లాసులో చదివించారు. లెక్కలు పెద్ద పిల్లలతో, ఇంగ్లిష్ లాంటివి వయసుకు దగ్గరి వాళ్లతో. తొమ్మిదేళ్లకు యూనివర్సిటీలో కొన్ని గణితం క్లాసులకు వెళ్లారు, పూర్తిగా యూనివర్సిటీలో చేరింది మాత్రం 14 ఏళ్లకు. 21 ఏళ్లకు ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ, 2006లో ఫీల్డ్స్ మెడల్. చిన్న వయసులో డిగ్రీలు, రికార్డులు లెక్కపెట్టుకోవడం అసలు విషయం కాదని ఆయనే తర్వాత రాశారు.

మన రామానుజన్ కథ దీనికి రెండో వైపు. కుంభకోణంలో స్కూల్ ముగించి 1904లో స్కాలర్‌షిప్‌తో ప్రభుత్వ కాలేజీలో చేరారు. లెక్కల్లో మునిగిపోయి మిగతా సబ్జెక్టులు వదిలేశారు. ఫెయిల్ అయ్యారు, స్కాలర్‌షిప్ పోయింది. తర్వాత మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో చేరినా ఎఫ్‌ఏ గట్టెక్కలేదు. 1913లో హార్డీకి రాసిన ఉత్తరానికి జవాబు రాకపోయి ఉంటే ఏమయ్యేదో. ఇప్పటికీ మన పరీక్షలు ఒక్క సబ్జెక్టు బలం చూసి ఎవరినీ పైకి పంపవు.

తెలంగాణలో ఉర్దూ మాట్లాడే ఇళ్లకు ఇది మరీ దగ్గరి సమస్య. 2018లో చేసిన చట్టం ప్రకారం రాష్ట్రంలో ఏ బోర్డు స్కూలైనా ఒకటి నుంచి పదో తరగతి వరకు తెలుగు నేర్పాల్సిందే. ఇంట్లో ఉర్దూ, స్కూల్లో ఇంగ్లిష్, పరీక్షలో తెలుగు. మూడో తరగతిలో ఒత్తులు, గుణింతాలు కుదురుకుంటున్న పిల్ల నాలుగో తరగతి వదిలేస్తే, ఐదులో పెద్ద పాఠాలు, సొంత వాక్యాలు ఎదురవుతాయి. లెక్కల కోసం దాటిన క్లాసుకు జరిమానా తెలుగులో కట్టాల్సొస్తుంది. ఇందాకటి ఇంట్లో తల్లి అడిగిన ప్రశ్న అందుకే అందరి ప్రశ్నల కంటే బలమైనది. పై క్లాసు లెక్కలకు వాక్య సమస్యలు చదివి అర్థం చేసుకునే ఇంగ్లిష్ కూడా కావాలి, రాసే వేగం కావాలి. ఎనిమిదేళ్ల చేతికి పదేళ్ల చేతి వేగం రాదు.

"ఒక సంవత్సరం కలిసొస్తుంది" నిజమేనా?

తండ్రి మాటను కాగితం మీద పెట్టి చూద్దాం. అమ్మాయి 2017 జూన్‌లో పుట్టిందనుకుందాం. 2023లో ఒకటో తరగతి, 2025-26లో మూడు. మామూలుగా పోతే 2033లో పదో తరగతి, 2035లో ఇంటర్ పూర్తవుతాయి. డాక్టర్ కావాలంటే నీట్ రాయాలి. నీట్‌కు, అడ్మిషన్ తీసుకునే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. 2035లో ఆమెకు 18 నిండుతాయి, ఇబ్బంది లేదు. ఒక క్లాసు దాటితే 2034లో ఇంటర్ అవుతుంది, అప్పటికి 17. సరిపోతుంది. రెండు క్లాసులు దాటితే 2033లో ఇంటర్ అయిపోతుంది, వయసు 16. నీట్ రాయడానికి వీల్లేదు, ఏడాది ఇంట్లో కూర్చోవాలి. మిగిల్చిన సంవత్సరం అక్కడే ఖర్చయిపోయింది.

పదో తరగతి దగ్గర కూడా ఒక గేటుంది. ఎస్సెస్సీ రాయాలంటే ఆ విద్యా సంవత్సరం ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండాలి, తక్కువైతే వయసు సడలింపు కోసం ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. ఓపెన్ స్కూల్ ద్వారా అయినా ఎన్‌ఐఓఎస్ పదో తరగతికి కనీసం 14 ఏళ్లుండాలి. పైన చెప్పిన అమ్మాయి ఒక క్లాసు దాటితే 2031 ఆగస్టుకు 14 నిండి ఉంటాయి. రెండు దాటితే 2030 ఆగస్టుకు 13 మాత్రమే. ఇంజినీరింగ్ వైపు ఈ చిక్కు తక్కువ, జేఈఈకి కనీస వయసు పెట్టలేదు. అయితే 15, 16 ఏళ్ల అమ్మాయినో అబ్బాయినో హాస్టల్‌కు పంపడానికి ఇల్లు సిద్ధమేనా అన్నది వేరే ప్రశ్న. దానికి ఏ పరిశోధనా జవాబు చెప్పదు, ఆ ఇంటివాళ్లే చెప్పుకోవాలి.

ఇలా లెక్క వేస్తే, డబుల్ ప్రమోషన్ వల్ల చేతికి వచ్చేది మహా అయితే ఒక ఏడాది. దాని కోసం పణంగా పెట్టేది స్నేహితులు, భాష, పిల్ల ధైర్యం. క్లాసులో విసుగుతో పిల్ల నిజంగా నలిగిపోతుంటే, పొద్దున స్కూల్‌కు పోనని మొండికేస్తుంటే, అన్ని సబ్జెక్టుల్లోనూ పై క్లాసుకు సరిపోతుంటే, అప్పుడు ఆ పణం పెట్టొచ్చు. ఏడాది మిగులుతుందన్న ఒక్క కారణంతో మాత్రం పెట్టకూడదు.

ఉన్న క్లాసులోనే లోతు ఎలా?

లోతు అంటే ఎక్కువ లెక్కలు ఇవ్వడం అనుకుంటారు చాలామంది. తొందరగా చేసిన పిల్లకు అలాంటివే ఇంకో ఇరవై ఇస్తే అది శిక్షే. నెమ్మదిగా చేస్తే పని తగ్గుతుందని వారంలో నేర్చేసుకుంటుంది.

ఎన్‌సీఈఆర్‌టీ 2024లో తెచ్చిన ఆరో తరగతి పుస్తకం 'గణిత ప్రకాశ్'లో ఒక ఆట ఉంది. మూడో తరగతి పిల్లలు కూడా ఆడొచ్చు, తీసివేతలు వస్తే చాలు. ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోవాలి, అంకెలన్నీ ఒకటే కాకుండా చూసుకోవాలి. ఉదాహరణకు 3524. ఆ అంకెలతో అతి పెద్ద సంఖ్య 5432, అతి చిన్నది 2345. తీసివేస్తే 3087. మళ్లీ అలాగే, 8730లోంచి 0378 తీస్తే 8352. మళ్లీ 8532లోంచి 2358 తీస్తే 6174. ఇంకోసారి చేసినా 6174. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఏడు అడుగుల్లోపు ఇక్కడికే వస్తుంది. దీన్ని కనిపెట్టిన డి.ఆర్. కాప్రేకర్ మహారాష్ట్రలోని దేవ్‌లాలీలో స్కూల్ టీచర్. పిల్ల ఒక సాయంత్రం మొత్తం దీంతో గడిపితే వంద తీసివేతలు అడక్కుండానే చేస్తుంది. ఆ తర్వాత "మూడంకెలతో కూడా ఇలా అవుతుందా?" అని తనంతట తాను అడిగితే, ఆ ప్రశ్నకు ఏ పరీక్ష మార్కులూ సాటిరావు. (అవుతుంది, 495 దగ్గర ఆగుతుంది. కానీ ముందే చెప్పేయకండి.)

భిన్నాలు వచ్చిన పిల్లకు ఇంటి లెక్కే ఇవ్వొచ్చు. అల్జీబ్రా అన్న మాటకు మూలమైన 'అల్-జబ్ర్', 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోది. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వ వాటాల లెక్కలే. ఒక మనిషి చనిపోయాడు, తల్లి, భార్య, ఒక కొడుకు, ఒక కూతురు ఉన్నారు. తల్లికి 1/6, భార్యకు 1/8, మిగిలిందాంట్లో కూతురికి ఒక వాటా అయితే కొడుక్కి రెండు. ఎవరికెంత? క.సా.గు. 24 దగ్గర మొదలై 72 దాకా పోవాలి. తల్లికి 12, భార్యకు 9, కూతురికి 17, కొడుక్కి 34, మొత్తం 72. ఐదో తరగతి భిన్నాలు దాటి ఇందులో ఏమీ లేదు. అయినా పెద్దవాళ్లే కాగితం కోసం వెతుక్కుంటారు.

పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి దారి కాస్త స్పష్టమవుతుంది. ఐఓక్యూఎం అనే ఒలింపియాడ్ తొలి పరీక్ష ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వాళ్లకు ఉంటుంది. మూడు గంటలు, 30 ప్రశ్నలు. అందులో నెగ్గితే ప్రాంతీయ స్థాయి, తర్వాత జాతీయ స్థాయి, చివరికి దేశం తరఫున ఆరుగురు. వీధి చివర సెంటర్లలో "ఒలింపియాడ్" అని జరిపే ప్రైవేట్ పరీక్షలకూ దీనికీ సంబంధం లేదు. పతకాల ఫోటోలు చూసి రెండూ ఒకటే అనుకోవద్దు.

స్కూల్‌తో మాట్లాడేటప్పుడు

2020 జాతీయ విద్యా విధానం ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలను టీచర్లు గుర్తించాలని, వాళ్లకు అదనపు సామగ్రి ఇవ్వాలని, గణిత సర్కిళ్లు, క్లబ్బులు పెట్టాలని చెప్పింది. కాబట్టి తల్లిదండ్రులు ఇది అడిగితే అది ప్రత్యేక ఉపకారం అడిగినట్టు కాదు. అయితే "మా అమ్మాయి చాలా తెలివైంది" అని మొదలుపెడితే హెడ్‌మాస్టర్ రోజుకు పదిసార్లు వినే మాటే అవుతుంది. ఈ ఏడాది చివరి పరీక్ష పేపర్‌ను పిల్లకు ముందే పెట్టి చూడమని అడగాలి. అది దాదాపు మొత్తం చేసేస్తే పై తరగతి పేపర్ కూడా పెట్టమనాలి. రాష్ట్ర ఎస్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి ముందు ఇంట్లో చూసుకుని పోవచ్చు. పిల్ల రాసిన కాగితాలు బల్ల మీద పెడితే మాట త్వరగా ముందుకు సాగుతుంది.

లెక్కల పీరియడ్‌కి మాత్రం పై క్లాసుకు పంపమంటే స్కూల్‌కు మొదట వచ్చే అడ్డంకి టైమ్‌టేబుల్. మూడో క్లాసు లెక్కల పీరియడ్, ఐదో క్లాసు లెక్కల పీరియడ్ ఒకే సమయానికి ఉండాలి, లేదంటే పిల్లకు తెలుగో ఈవీఎస్సో పోతుంది. గల్లీల్లోని చిన్న స్కూళ్లలో ఇది ఒక్కోసారి పెద్ద క్యాంపస్‌ల కంటే తేలిక. మెట్లెక్కితే పై క్లాసు, ఇద్దరు టీచర్లు మాట్లాడుకుంటే పని అయిపోతుంది. ముందే అడగాల్సింది ఇంకోటుంది. రెండేళ్లు ముందుంటే ఎనిమిదో తరగతిలోనే స్కూల్ లెక్కలన్నీ అయిపోతాయి, చాలా స్కూళ్లలో పది తర్వాత క్లాసులే లేవు. ఆ రెండేళ్లు ఎవరు చెప్తారు? దీనికి జవాబు లేకుండా మొదలుపెడితే పిల్ల తొమ్మిదిలో కూర్చుని చేసిన లెక్కలే మళ్లీ చేస్తుంది.

ఇవన్నీ జూన్‌లో స్కూల్ తెరిచాక మొదలుపెడితే ఆలస్యమే. సెక్షన్లు, టైమ్‌టేబుల్ అప్పటికే ఖాయం అయి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో క్లాస్ టీచర్‌ను, ఏప్రిల్‌లో హెడ్‌మాస్టర్‌ను కలిస్తే వేసవి సెలవుల్లో పిల్లను పై క్లాసు పుస్తకంతో మూడు నాలుగు వారాలు వదిలి చూసే వీలుంటుంది. ఆ వారాల్లో ఎవరూ చెప్పకుండానే పుస్తకం తీస్తోందా, తీయమంటే తీస్తోందా అన్నది రాసిపెట్టుకోవాలి. స్కూల్‌కు వెళ్లేముందు పిల్లను కూడా ఒకసారి కూర్చోబెట్టి, నీకు వెళ్లాలని ఉందా అని అడగాలి. బంధువులు ఎవరూ లేనప్పుడు.